విరిగే కప్పుల కోసం మిల్వాకీకి

పన్నెండేళ్లుగా మా ఇంట్లో విరిగే వస్తువు లేదు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లం, ఎప్పుడు సర్దుకోమంటారో తెలియదని స్టీలు గ్లాసులు, ప్లాస్టిక్ ప్లేట్లతోనే కాపురం నెట్టుకొచ్చాం. మొన్న గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. ఇల్లు కొందామంటుందేమోనని నేను భయపడుతుంటే, మా ఆవిడ సుజాత "ముందు పింగాణీ కప్పులు కొందాం" అంది.

వెతగ్గా వెతగ్గా మిల్వాకీలో ఒక పెద్దావిడ అమ్మకానికి పెట్టిన ఆరు జపాన్ కప్పులు దొరికాయి. చేత్తో పూలు వేసినవి. మేముండే షామ్‌బర్గ్ నుంచి కార్‌లో గంటన్నర దారే. "నువ్వు బ్రేక్ వేసే పద్ధతికి అవి ముక్కలుగా ఇల్లు చేరతాయి" అని సుజాత రైలు టికెట్లు బుక్ చేసింది.

శనివారం పొద్దున్నే లోకల్ రైల్లో చికాగో చేరి, అక్కడ మిల్వాకీ రైలెక్కాం. వెళ్లేవాళ్లకు ఒక మాట: టిఫిన్ కట్టుకుని వెళ్లండి. మా పులిహోర డబ్బా తెరవగానే ముందు సీట్లో ఉన్న తెలుగమ్మాయి వెనక్కి తిరిగింది. మిల్వాకీలో ఎమ్మెస్ చేస్తోందట.

"కప్పుల కోసం ఇంత దూరమా ఆంటీ? ఆర్డర్ చేస్తే రేపే డెలివర్ చేస్తారు కదా!"

"అవి మెషిన్ వేసిన పూలమ్మా" అంది సుజాత, ఆమెకూ పులిహోర పెడుతూ.

స్టేషన్ నుంచి క్యాబ్‌లో పది నిమిషాలు. తలుపు తీసినావిడ పేరు డోరతీ, ఎనభై దాటి ఉంటాయి. భర్త నేవీలో ఉండగా జపాన్ నుంచి తెచ్చిన కప్పులట. అద్దాల బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. వెలుతురుకు పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ కనిపించేంత పల్చన. అయిదింటి మీద చామంతులు, ఒకదాని మీద చెర్రీ పూలు, అంచున బంగారు గీత. ఏ రెండు చామంతులూ ఒకేలా లేవు. మాకు కాఫీ మాత్రం కాగితం కప్పుల్లో ఇచ్చింది.

చూడ్డానికి వెళ్లింది మేమే గానీ, పెళ్లిచూపులు జరిగింది మాకు. మైక్రోవేవ్ వాడతారా? డిష్‌వాషర్ ఉందా? పిల్లలున్నారా? అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. చివరికి "మీ షోకేసుకు తాళం ఉందా?" అని అడిగింది.

ఉందని చెప్పబోయాను. మాకు అసలు షోకేసే లేదు. ఈలోగా సుజాత, "షోకేసు లేదండీ. రోజూ వీటిలోనే కాఫీ తాగుతాం" అనేసింది.

డోరతీ కప్పులను తన వైపు జరుపుకుంది. "విరిగిపోతాయి."

"తెలుసు" అంది సుజాత.

డోరతీ ఒక కప్పు అంచును వేలితో తుడిచింది. "ప్రతి క్రిస్మస్‌కూ మా ఆయన అడిగేవాడు, ఇవాళ తీద్దామా అని. వచ్చే ఏడాది చూద్దాం అనేదాన్ని." ఆయన పోయి నాలుగేళ్లట.

లేచి వెళ్లి కాఫీ పాట్ తెచ్చి, మూడు పింగాణీ కప్పుల్లో పోసింది. చెర్రీ పూలది తను తీసుకుంది. కాఫీ నీళ్లలా ఉంది. ఇద్దరం రెండోసారి కూడా పోయించుకున్నాం.

చెర్రీ పూల కప్పు తను ఉంచుకుని మిగతా అయిదూ ఇచ్చింది. మధ్యాహ్నం రైల్లో సుజాత సంచీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. టికెట్ చూపించడానికి కూడా చెయ్యి తీయలేదు. సగం దారిలో ఫోన్ మోగింది. డోరతీ మెసేజ్: "నా కప్పు సింకుకు తగిలి పిడి ఊడింది. అందులోనే ఇంకో కాఫీ తాగాను. ఏమీ కాలేదు."

సుజాత పకపకా నవ్వి, సంచీని పక్కనున్న ఖాళీ సీట్లో పెట్టేసి నిద్రపోయింది. గ్రీన్‌కార్డు వచ్చిన రాత్రి కూడా ఆమె అంత నిశ్చింతగా పడుకోలేదు. చికాగో వచ్చేదాకా ఆ సంచీ మీంచి చెయ్యి తీయకుండా కూర్చున్నది నేనే.