కల్లంలో అర నిమిషం

మా వీధిలోకి వచ్చే కూరగాయల ఆటోవాళ్ళు ఈమధ్య అరవడం మానేశారు. రికార్డు చేసిన గొంతొకటి మైకులో వంకాయలు, బెండకాయలు అంటూ ఊదరగొడుతుంటే, మనిషి హాయిగా ఫోను చూసుకుంటుంటాడు. పుచ్చు వంకాయల గురించి ఆ గొంతుతో పోట్లాడలేం.

కొన్నాళ్ళు నేనూ గొంతులు పట్టే పనే చేశాను. బ్రిటిష్ సినిమా యూనిట్ ఒకటి గుంటూరు పక్క మిరప కల్లాల్లో షూటింగుకు దిగింది. ఎం.ఏ. ఇంగ్లీషు చదివానని నన్ను సౌండ్ అసిస్టెంటుగా తీసుకున్నారు. పొడుగాటి కర్ర చివర కట్టిన మైకును, కెమెరాకు కనబడకుండా, నటుల నెత్తిమీద ఎత్తి పట్టుకోవాలి. నా చదువు ఈ పనికి పెద్దగా అడ్డురాలేదు.

సౌండు చూసే లండన్ పెద్దమనిషికి ఒక పద్ధతి ఉండేది. సీను అయ్యాక అందర్నీ అర నిమిషం కదలకుండా ఉంచి, ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకునేవాడు. తర్వాత మాటల మధ్య ఖాళీల్లో దాన్ని అతుకుతారట. కూలీలకు ఆ సంగతి చెప్పడం నా వంతు.

"అర నిమిషం ఎవరూ మాట్లాడకండి, దగ్గకండి," అన్నాను.

తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి తలలు వంచారు. ఓ ముసలాయన మెల్లిగా అడిగాడు: "ఎవరు పోయారయ్యా?"

"ఎవరూ పోలేదు బాబాయ్, ఊరికే."

"ఊరికే మౌనమేందయ్యా, అరిష్టం!"

బడికి సెలవు కావడంతో, టీచరైన మా ఆవిడ ఆరోజు నాకు క్యారేజీ తెచ్చి గోతాల పక్కన కూర్చుంది. నేను అర నిమిషం నోరు మూసుకుని నిలబడటం పెళ్ళయ్యాక ఆవిడ చూడటం అదే మొదలు. కాసేపు ఓర్చుకుంది. తర్వాత పక్కున నవ్వింది. ఆపుకోబోయి, మిరప ఘాటుకు దగ్గి, మళ్ళీ నవ్వింది.

"చాలా బాగుంది, మరొక్కసారి చేద్దామా?" అన్నాడు పెద్దమనిషి. చెడిపోయిందని చెప్పడానికి వాళ్ళు అలా అంటారు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. సినిమాలో ఉన్నది అదే. ఎన్నిసార్లు చూసినా ఆ కల్లం బుద్ధిగా ఉంటుంది.

ఆవిడ పోయి రెండేళ్ళు. ఫోటోలకు లోటు లేదు. పెళ్ళి వీడియోలో మా గొంతులన్నీ తీసేసి సినిమా పాటలు పెట్టారు. వీడియో తీద్దామని ఫోను ఎత్తితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయేది. ఆ నవ్వు ఎక్కడైనా ఉంటే లండన్లో, పనికిరాదని పక్కన పడేసిన ఆ ముక్కలోనే ఉండాలి.

అది ఇంకా ఉందా అని అడుగుతూ పెద్దమనిషికి మెయిల్ రాసి పెట్టుకున్నాను. గ్రామరు సరిచూస్తున్నాను. ఏడాది నుంచీ.

మొన్న మార్టూరు నుంచి వచ్చిన మా బావమరిది నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఇదింకా పంపలేదా బావా?"

"ప్లీజులు రెండు పడ్డాయి. ఒకటి తీసేయాలి."

"పంపెయ్ బావా. చెరిపేశామన్నారే అనుకో, అక్క మళ్ళీ చచ్చిపోదుగా."