లోడింగ్ టైమ్ తీసేసి

మా మావయ్యకు ఒక్కటే జబ్బు. ఏ వస్తువు కొన్నా గంటకి ఎంత పడిందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు.

ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా పనిచేశాడు. రిటైరైన రోజు యూనిఫాం తిరిగిచ్చేశాడు గానీ మెడలో వేలాడే స్టాప్‌వాచ్ మాత్రం ఇవ్వలేదు. కుర్చీ కొంటే కూర్చున్న గంటలు లెక్క, గొడుగు కొంటే వాన కురిసిన గంటలు లెక్క. పెళ్లికి కుట్టించుకున్న సూటు గంటకి ఎంత పడిందని అడిగితే మాత్రం అత్తయ్య వంక చూసి మాట మార్చేస్తాడు.

ఈ పిచ్చి ఇంట్లో ఉన్నంతకాలం నాకేం నష్టం లేదు. రెండేళ్ల కిందట ఆయన కన్ను వీడియో గేముల మీద పడింది. వాటిని అమ్మే కొట్టు నాది. నా ఖర్మ.

అప్పటికి నాలుగు నెలల ముందే అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. మా వీధిలో సగం మందికి బట్టలు కుట్టిన చెయ్యి, చెంచా పట్టుకోవడానికే తడబడేది. అది మళ్లీ మామూలవుతుందా లేదా అని మేమందరం బెంగపడుతుంటే, ఈయన ఆటలు కొనుక్కుంటున్నాడు. నాకు ఒళ్లు మండేది.

వారం వారం కొట్టుకు వచ్చి తీర్పు చెప్పేవాడు.

"ఏరా, పోయినసారి ఇచ్చిన ఆట పదకొండు గంటల ఇరవై నిమిషాలొచ్చింది."

"పెట్టె మీద నలభై గంటలని ఉంది కదా మావయ్యా?"

"లోడింగ్ టైమ్ తీసేశాను. మధ్యలో వచ్చే సినిమాలు తీసేశాను. గుర్రమెక్కి ఊరికే పోయే టైమూ తీసేశాను."

"సినిమా కూడా ఆటలో భాగమే. జనం కథ కోసమే కొంటారు!"

"అప్పుడు చేతులు ఖాళీ కదరా. చేతులు ఖాళీగా ఉంటే అది ఆటెలా అవుతుంది?"

"వందలమంది ఏళ్ల తరబడి కష్టపడి చేస్తారు మావయ్యా. ధర పెరగదా మరి? గడ్డి చూడు, ఒక్కో పోచా ఎలా కదులుతుందో!"

"గడ్డి కదిలితే నాకేం ఒరుగుతుంది? ఆ ఇటుకలు పేర్చే పాత ఆట చూడు. దీని ధరలో పదో వంతు. రెండొందల గంటలొచ్చింది, ఇంకా వస్తోంది."

ఈ సంభాషణంతా పక్కనున్న వాళ్లకు వినబడేలా సాగేది. ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు పెట్టె పట్టుకుని బిల్లు దాకా వచ్చి, మావయ్య గంట లెక్క వినగానే దాన్ని అరలో పెట్టేసి నాకు నమస్కారం చేసి వెళ్లిపోయాడు.

ఈ ఏడాది ధరలు మళ్లీ పెరిగాయి. కొత్తగా వచ్చిన ఆట ధర చూసి మావయ్య అరగంట సేపు ఆ కంపెనీవాళ్లను దులిపేశాడు. దులిపి, పూర్తి ధర పెట్టి కొనేశాడు. నేను నోరు తెరిచాను.

"ఇంత తిట్టి కొంటావేంటి?"

"ఇందులో బటన్లు ఎక్కువ నొక్కాలని నువ్వే అన్నావుగా," అన్నాడు.

ఆయన వెళ్లాక చూస్తే స్టాప్‌వాచ్ బల్ల మీదే ఉంది. ప్రాణం మరిచిపోయి వెళ్లినట్టే. కొట్టుకు తాళం వేసి వాళ్లింటికి పరిగెత్తాను.

కిటికీ పక్క కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది. కంట్రోలర్ ఆమె చేతుల్లో ఉంది. మావయ్య పక్కన నిలబడి, గోడ గడియారం చూస్తూ దిక్కుతోచక గింజుకుంటున్నాడు.

"ఆడేది నువ్వా అత్తయ్యా?"

"మరెవరనుకున్నావు? ఆయనకు ఇది ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. వేళ్లకు వ్యాయామమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టాను. రోజంతా ఎవరు పిసుకుతారు దాన్ని? ఇదైతే రాక్షసుడు మీదికొస్తుంటే నొక్కక చస్తానా?"

"మాటలొద్దు, లోడింగ్ అయిపోయింది!" అంటూ మావయ్య నా చేతిలోంచి స్టాప్‌వాచ్ లాక్కుని నొక్కాడు.

ఆయన తీసేసిన నిమిషాలన్నీ అత్తయ్య వేళ్లు కదలని నిమిషాలని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"నాకొక మాట చెప్పొచ్చుగా మావయ్యా?"

"చెబితే ఊరికే ఇచ్చేస్తావు. ఆనక కొట్టు మూసుకుంటావు."

మూడు నెలల తర్వాత ఒకరోజు కొట్టుకు వచ్చాడు. మెడలోని స్టాప్‌వాచ్‌కు నీలం గుడ్డ సంచి తొడిగి ఉంది. కుట్టు వంకర టింకరగా పోయింది.

"అత్తయ్య కుట్టిందా?"

"నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. దారం తెగిన టైమ్ తీసేశాను."

"అయితే ఆ కొత్త ఆట ధర గిట్టుబాటే అన్నమాట!"

మావయ్య ఆ వంకర కుట్టును బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"ఎక్కువేరా. చాలా ఎక్కువ. తగ్గించమని రాయి ఆ కంపెనీవాళ్లకి," అన్నాడు గట్టిగా.

పక్కనే పెట్టె పట్టుకుని నిలబడ్డ ఒకమ్మాయి, ఆ మాట విని దాన్ని మళ్లీ అరలో పెట్టేసింది. మావయ్య దాన్నే తీసి బల్ల మీద పెట్టి, బిల్లు వెయ్యమన్నాడు.