హల్వా మరిగిన కుందేలు

మా అమ్మాయి నిత్యకి ఏడేళ్ళు. పుట్టి పెరిగింది అమెరికాలోనే, ఈ పార్సిప్పనీ ఊళ్ళోనే. ఏటా ఈస్టర్ ముందురోజు తన గడ్డి టోపీని తిరగేసి, రంగు కాగితాల పీలికలు నింపి కుందేలుకి గూడు కడుతుంది. తెల్లారేసరికి కుందేలు వచ్చి అందులో రంగు గుడ్లు, మిఠాయిలు పెట్టి వెళ్ళాలన్నమాట. ఈ ఏడాది పండగ రెండు రోజుల్లోకి వచ్చినా టోపీ జోలికే పోలేదు. ఏమ్మా అని అడిగితే, "వై, అమ్మా? నెక్స్ట్ ఇయర్ బన్నీ రాడు కదా. తనకి హైదరాబాద్ అడ్రస్ తెలీదు," అంది. మార్చిలో నా జాబ్ పోయింది. హెచ్-వన్ వీసా వాళ్ళకి ఆ తర్వాత ఇక్కడ ఉండటానికి అరవై రోజులే గడువు కాబట్టి ఏప్రిల్ ఆఖరుకి టికెట్లు బుక్ చేసేశాం. సైకిల్ అమ్మేసినా, బొమ్మలు పంచేసినా కిక్కురుమనని పిల్ల ఈ కుందేలు దగ్గర ఆగిపోయింది. వస్తుందని అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు, రాదని చెప్పడానికి మనసొప్పలేదు. "పద, అమెరికాలో కుందేలు మొదట దిగిన చోటికే వెళ్ళి అడుగుదాం," అన్నాను. ఆ చోటు పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ప్రాంతమని ఎక్కడో చదివిన గుర్తు.

ఈస్టర్ ముందురోజు, శనివారం పొద్దున ఏడున్నరకి కారెక్కాం. మావారు రాలేదు. ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టిన మూవింగ్ సేల్‌లో మా సోఫా కొన్నాయన ట్రక్కు తెస్తానంటే కాపలా ఉండిపోయారు. రూటు తేలికే: 287 సౌత్, తర్వాత 78 వెస్ట్, ఆలెన్‌టౌన్ దాటాక 222 పట్టుకుంటే చాలు. కాఫీ కోసం ఒకసారి ఆగడంతో కలిపి మూడు గంటలు పట్టింది. డెలవేర్ నది వంతెన మీద టోల్ వెళ్ళేటప్పుడే ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు. గ్యాస్, అంటే పెట్రోలు, రానూపోనూ ముప్ఫై డాలర్ల పైచిలుకు అయింది. పదకొండేళ్ళుగా ఈ రోడ్ల మీద ఎప్పుడు చేరతామా అనే డ్రైవ్ చేశాను. ఆ రోజు మాత్రం ఎగ్జిట్ నంబర్లు కూడా ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాను. విసుక్కున్న ఊళ్ళ పేర్లు కూడా ఆ పూట ముద్దొచ్చాయి.

లాంకస్టర్ దాటాక ఇరవై నిమిషాలకి, కార్ల పక్కనే, కార్లు వాడని పాతకాలపు రైతుల గుర్రపు బగ్గీలు నడిచే ఒక చిన్న ఊరు వచ్చింది. అక్కడ ఇంటి ముందుగదిలోనే మిఠాయిలు చేసి అమ్మే డొరతీ అనే పెద్దావిడ ఉంది. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. మేం వెళ్ళేసరికి రాగి గిన్నెలో పంచదార పాకం కాచి, నూనె రాసిన లోహపు అచ్చుల్లో పోస్తోంది. కాసేపటికి అచ్చు విప్పితే ఎర్రగా, గాజులా మెరుస్తూ కుందేలు బయటపడింది. నేను అక్కడే నిలబడిపోయాను. తిరణాళ్ళలో నాన్న కొనిపెట్టే పంచదార చిలకే కదా ఇది! అక్కడ తడిపిన చెక్క అచ్చు, ఇక్కడ లోహపు అచ్చు, పాకం వాసన మాత్రం అదే. ఇన్నాళ్ళూ ఇక్కడుండి ఆ చిలక కోసం బెంగపడ్డాను. ఇక అక్కడికెళ్ళి ఈ కుందేలు కోసం బెంగపడతాను కాబోలు. బెంగకి కూడా వీసా ఉంటే బాగుండేది, ఏదో ఒకనాటికి గడువు తీరిపోయేది.

నిత్య తిన్నగా విషయానికొచ్చింది. "బన్నీ ఫస్ట్ ఇక్కడికి ఎలా వచ్చాడు?"

డొరతీ నవ్వి, గరిటె ఆపకుండానే చెప్పింది. "మా పూర్వీకులు జర్మనీ నుంచి ఓడల్లో వచ్చారు తల్లీ. అక్కడి పొలాల్లో కుందేలు పడుకుని లేచి వెళ్ళిపోయిన గుంతలో పిట్టలు గుడ్లు పెట్టేవట. పొద్దున్నే చూసినవాళ్ళు అవి కుందేలే పెట్టిందనుకున్నారట. నిజమో కాదో నాకూ తెలీదు, మా అమ్మమ్మ అలా చెప్పేది. ఇక్కడికొచ్చాక కూడా పిల్లలు టోపీల్లో గూళ్ళు కట్టడం మానలేదు. అందుకే అదీ వచ్చింది."

"వాళ్ళది షిప్. మేం ఫ్లైట్‌లో వెళ్తాం," అంది నిత్య. అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

"సరే, దానికి తినడానికి ఏం పెడతావు?"

"క్యారట్ హల్వా."

నాకు సిగ్గేసింది. ప్రీస్కూల్లో టీచర్ క్యారట్ పెట్టమని చెప్పిన ఏడాది, ఇంటికొచ్చిన అతిథికి పచ్చి క్యారట్ ఏమిటని నేను హల్వా చేశాను. బయట పెడితే చీమలు పడతాయని కిచెన్ కేబినెట్‌లో మా దేవుడి అరలో పెట్టాను. పక్కనే టోపీ. అప్పట్నుంచి ఏటా పొద్దున్నకి గిన్నె సగం ఖాళీ అయ్యేది. ఆ సగం ఎవరి పొట్టలోకి వెళ్ళేదో వేరే చెప్పక్కర్లేదు. హల్వా అంటే ఏమిటని డొరతీ అడిగితే పాలు, నెయ్యి, యాలకులు అన్నీ చెప్పాను. ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"ఎన్నేళ్ళ నుంచి పెడుతున్నారు?"

"నాలుగేళ్ళు," అన్నాను.

ఆవిడ నిత్య వైపు వంగింది. "మా ఊరి పిల్లలంతా దానికి పచ్చి క్యారట్లే పెడతారు. నెయ్యి రుచి మరిగిన కుందేలు ఇంక వాటిని ముట్టుకుంటుందా? నువ్వెక్కడికి వెళితే అక్కడికే వస్తుంది. గూడు కట్టడం మాత్రం మానకు."

నిత్య నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, హైదరాబాద్‌లో హల్వా చేస్తావా? ప్రామిస్?"

"ప్రామిస్," అన్నాను.

చక్కెర కుందేళ్ళు ఒక్కోటి రెండు డాలర్లు. నిత్య చూడకుండా ఆరు తీసుకున్నాను. అరలో అమ్మకానికి పెట్టిన పాత అచ్చు ఒకటి కనిపిస్తే నలభై డాలర్లకి అదీ కొన్నాను. కొట్టు రెండింటికే మూసేస్తారు, ఈస్టర్ రోజు తీయరు. పార్కింగ్‌లోనే పులిహోర తిని ఐదింటికి ఇల్లు చేరాం. సోఫా వెళ్ళిపోయింది. నిత్య ఖాళీ హాలు వైపు కూడా చూడకుండా టోపీ వెతికి తెచ్చుకుంది. "అమ్మా, ఈసారి హల్వా ఎక్కువ పెట్టు. చాలా దూరం కదా," అంది.

నాకు ఈ దేశం వదిలి వెళ్ళాలని లేదు. ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. వెళ్ళేది సొంత ఊరికే కదా, ఏడుపెందుకంటారు అందరూ. సొంత ఊళ్ళు రెండైనవాళ్ళకి ఎటు వెళ్ళినా ఒకటి వెనక ఉండిపోతుంది. మర్నాడు పొద్దున నిత్య లేవకముందే టోపీలో చక్కెర కుందేళ్ళు పెట్టి, దేవుడి ముందు నిలబడి హల్వా ఎప్పటిలా సగం కాదు, గిన్నె మొత్తం తినేశాను. అంత దూరం రావలసినదాన్ని సగం కడుపుతో ఎలా పంపను?

మీరూ ఇలా మూటాముల్లె సర్దుకునే రోజుల్లో ఆ ఊరికి వెళుతుంటే ఒక్క సలహా. చాక్లెట్ కుందేలు జోలికి పోకండి, మన ఎండలకి ఇంటికి చేరేలోపే కరిగిపోతుంది. అచ్చు కొనుక్కోండి, పంచదార ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని పాత చీరలో చుట్టి చేతిసంచిలోనే ఉంచుకోండి, చెకిన్ బ్యాగ్‌లో వేయకండి. పెట్టెలు ఒక్కోసారి దారి తప్పుతాయి. కుందేలు తప్పకూడదు.