నా పాటకు చేతులు జోడించిన బెంజ్ సర్కిల్

యాభై దాటాక నాకు పాటల పిచ్చి పట్టింది. సొంతంగా రాసి, పాడి, రికార్డు చేయించిన ప్రేమగీతాలను పెన్‌డ్రైవ్‌లలో నింపాను. "ఈ ఆదివారం ఒక్కటైనా అమ్ముడుపోకపోతే మీ హార్మోనియం అటకెక్కాల్సిందే" అని మా ఆవిడ తేల్చి చెప్పేసింది.

మైకు ఆటో మాట్లాడుకుని, దాని వెనక తాటిచెట్టంత ఫ్లెక్సీ మీద నా ఫొటో కట్టించాను. డ్రైవర్ వీర్రాజు ముచ్చటపడి, ఆ ఫొటోకి బంతిపూల దండ వేశాడు. నేను లోపల కూర్చున్నాను. విజయవాడ బెంజ్ సర్కిల్ చేరేసరికి నా విరహగీతం వరదొచ్చిన కృష్ణలా పొంగుతోంది.

జనం ఆగిపోయారు! హెల్మెట్లు తీశారు, చెప్పులు విడిచారు, చేతులు జోడించారు. నా గొంతుకు ఇంత గౌరవమా అని ఉబ్బిపోయి ఆటో టాపుకి తగిలాను. అంతలో ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ వీర్రాజుని అడిగింది.

"పాపం, ఎంత కళగా ఉన్నారో! ఎలా పోయారండీ?"

మైకు లాక్కుని, "నేను పోలేదండీ!" అని అరుస్తూ బయటికి దూకాను. ఆవిడ కెవ్వుమంది. సగం సర్కిల్ మంగళగిరి దాకా పరిగెత్తింది.

తేరుకున్నాక ఆవిడే దగ్గరికొచ్చింది. "ఆ పాట నాకిస్తారా అండీ? రేపు మా మావగారి పెద్దకర్మ. ఇంట్లో ఒక్కరికీ ఏడుపు రావట్లేదు."

"అది ప్రేమపాటండీ!"

"అయితే ఏంటండీ, నాకొచ్చిందిగా!"

అలా ఒక పెన్‌డ్రైవ్ అమ్ముడుపోయి, హార్మోనియం అటకెక్కకుండా బతికిపోయింది. మనం ఏం అమ్మినా, జనం తమకు కావలసిందే కొనుక్కుంటారని ఆ రోజే తెలిసింది. ఇప్పటికీ ఆటోలో తిరుగుతూనే ఉన్నాను. దండ మాత్రం నా మెడలోనే వేసుకుని, వీర్రాజు పక్కన అందరికీ కనబడేలా కూర్చుంటున్నాను.