స్కాట్లాండ్ బాకుకు కక్కులు

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే కాపురముండేది. ఇప్పుడు తగ్గిందా అంటే మా ఆవిడను అడగండి. (అడగకపోవడమే మంచిది.) గోపాల్‌పేటలో మా చిన్నాయన కొలిమి దగ్గర కూర్చుని కొడవళ్లకు కక్కులు, అంటే ఆ రంపం పళ్లలాంటి గాట్లు, కొట్టీ కొట్టీ ఇరవై రెండేళ్లకే విసిగిపోయాను. "ఐటీఐ చదివినోన్ని, ఇంక గీ పండ్లే కొట్టాల్నా?" అని రోజుకోసారి ఎగిరేవాణ్ణి. చిన్నాయన నిప్పుల మీంచి చూపు తిప్పకుండా "పండ్లు లేకుంటే వరి ఎట్ల తెగుతదిరా?" అనేవాడు. ఆయన దగ్గర అంతకు మించి మాటలుండేవి కావు. దానికీ నాకు మంటే.

అప్పుడే గద్వాలలో ఒక షాపాయన సంగతి తెలిసింది. పాతకాలపు ఆయుధాల నమూనాలు చేయించి విదేశాలకు పంపుతాడట. పోయి పని అడిగితే ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. స్కాట్లాండ్ వాళ్ల బాకు, డర్క్ అంటారట. మూరెడు పొడవు, ఒకే వైపు అంచు, నల్లకట్టె పిడి, పిడి నిండా మెలికలు. "గిట్లాంటిదొకటి చేస్కరా తమ్మీ. నచ్చితే నా వర్క్‌షాపుల ఉద్యోగమిస్త. పదును మాత్రం పెట్టకు, గోడకు తగిలిచ్చేది" అన్నాడు.

నెలరోజులు ఆ బాకే నా లోకం. లారీ కమాన్ పట్టీ కాల్చి సాగగొట్టాను. నల్లటి తునికి కర్ర చేవతో పిడి చెక్కాను. మెలికలు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతాయో అంతుపట్టక సుత్తి విసిరికొడితే చిన్నమ్మ వచ్చి, "ఇది మెలికల ముగ్గే గదరా, చుక్కలు పెట్టుకో" అని బొగ్గుతో గీసి చూపించింది. ఒరలో బాకు పక్కనే ఒక చిన్న చాకు, ముళ్ల చెంచా కూడా ఇమడాలి. అది చూసి చిన్నాయన "ఒక ఒరల రెండు కత్తులు పట్టయంటరు, వీళ్లు వంటిల్లే పెట్టిన్రు" అన్నాడు. తర్వాత అంచు మీద వేలు రాసి మొహం ముడిచాడు.

"మొండిగున్నది."

"గోడకు తగిలిచ్చేది చిన్నాయనా!"

"మన కొలిమిలకెల్లి మొండి ఇనుము గడప దాటదు."

"నీకు తెల్వదు, ఊకో!" అని అరిచి, మర్నాడే ప్రయాణం కదా అని కటింగ్‌కు పోయాను. ఆదివారం కావడంతో రెండు గంటలు పట్టింది. తిరిగొచ్చేసరికి బాకు ఒరలో, ఒర ఎర్రగుడ్డలో ఉంది. గుడ్డకు పసుపు, కుంకుమ కూడా పెట్టారు. "ఇప్పకురా, దిష్టి తగుల్తది" అంది చిన్నమ్మ. నా మీద వీళ్లకెంత ప్రేమ అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను, దద్దమ్మను.

గద్వాలలో షాపాయన బల్ల మీద మూట విప్పి, రొమ్ము విరుచుకుని, ఒరలోంచి బాకు లాగాను. సర్రున రావాల్సింది కరకరమంటూ వచ్చింది. చూస్తే ఏముంది, మొదలు నుంచి కొస దాకా కక్కులు! షాపాయన పిడి చూసి "వహ్వా" అన్నాడు. అంచు చూసి కుర్చీలో వెనక్కి వాలి ఒకటే నవ్వు. "స్కాట్లాండోల్లు వరి కోస్తరా తమ్మీ?" పనివాళ్లంతా చుట్టూ మూగారు. ఇంకొకటి చేసి తెస్తానని బతిమాలాను. "వద్దు తమ్మీ, చెప్పిన మాట ఇనే అలవాటు లేదు నీకు" అన్నాడు. మాట విననిది నేనట! ఒళ్లు భగ్గున మండింది.

వనపర్తిలో బస్సు మారి ఇంటికి చేరేదాకా ఆ మంట చల్లారలేదు. కొలిమి ముందు బాకును నేలకేసి కొట్టాను. "నేను పోతే నీకు పనిచేసేటోడు ఉండడని కావాల్నని చెడగొట్టినవు గదా! నా నోట్ల మన్ను గొట్టినవు!"

చిన్నాయన బాకు తీసి, మట్టి తుడిచి, నా చేతికిచ్చాడు.

"పోవద్దని గాదురా, పోవాల్ననే కొట్టిన. మొండిది పట్కపోతే పని రాదని నిన్ను వాపస్ పంపుతరేమోనని పరేషానయింది. కండ్లు సరిగ కనవడ్తలేవు గని, ఒక్క పన్నన్న వంకర పోయిందేమో చూడు."

చూశాను. ఒక్కటీ వంకర పోలేదు. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండి, మూడు నెలలు ఆయనతో మాట్లాడటం మానేశాను.

ఆ బాకుతో చిన్నమ్మ బర్రెకు గడ్డి కోసేది. ఒకసారి ఆమెకు జ్వరమొస్తే నేనే తీసుకుని పొలం పోయాను. ఒక్క గుంజుకు గుప్పెడు గడ్డి చేతిలోకి వచ్చింది. అంత బాగా తెగే కొడవలి మా ఇంట్లో ఇంకోటి లేదు. ఆ గట్టు మీదే కూర్చుని, ఇంత బాగా ఎందుకు కొట్టాడని చిన్నాయనను నోరారా తిట్టుకున్నాను, ఎవరికీ వినపడకుండా. ఇంటికొచ్చి మాత్రం నోరు మెదపలేదు.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ తర్వాత ఏ ఉద్యోగానికీ పోలేదు, ఆ కొలిమి ఇప్పుడు నేనే నడుపుతున్నాను. చిన్నాయన పోయి రెండేళ్లయింది. కక్కులు బాగా కొట్టావని ఆయనతో ఒక్కమాట అంటే అప్పటి నా సొమ్మేం పోయేది? ఇప్పుడు నా కోపమంతా ఆ ఇరవై రెండేళ్ల పిచ్చి సన్నాసి మీదే.