చప్పట్లు కొట్టనివ్వని ఆంటీ

మా ఫాక్స్‌టన్ తీరంలో మెరియానా ఆంటీకి ‘బురదకాళ్ల ఆంటీ’ అని చాటున పేరు పెట్టిన ఘనుణ్ణి నేనే. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. పోటు వేళ ఇసుక దిబ్బ మీద చేరే కువాకా అనే వలస పిట్టల్ని నెలకోసారి మాతో కలిసి లెక్కపెట్టేది. పన్నెండేళ్ల కిందట కాళ్లకు బురదంటిన మామూలు పిట్టను అరుదైనదని పక్షుల సంఘానికి రాసి పంపింది. కాదని తిప్పి పంపారు. మేం నవ్వాం, ఆవిడ లెక్కకు రావడం మానలేదు.

మొన్న మార్చిలో వచ్చేటప్పటికి ఆంటీ కంటి నరం దెబ్బతింది. కాసేపు చూస్తే చాలు, చూపు మసకబారుతుంది. డాక్టరు చేతులెత్తేశాడట. ఇదే ఆఖరు లెక్క అని ముందే చెప్పింది.

కాసేపటికి టెలిస్కోపు నుంచి తలెత్తింది. “కోలిన్, మధ్య వరసలో ఒకటి మనది కాదు. రెక్కెత్తితే లోపల కాటుకలా నల్లగా ఉంది. దక్షిణ అమెరికాకి పోవాల్సిన పిట్టరా అది.”

చూశాను. మూడు వందల పిట్టలు ముక్కులు వీపులో దూర్చి పడుకున్నాయి. రెక్కెత్తితే తప్ప తేడా తెలియదు. రెండో మనిషి చూడకపోతే ఈసారీ ఆవిడ మాట ఎవరూ నమ్మరు.

“మళ్లీ బురదేమో ఆంటీ.”

“రెక్కల కింద బురదెలా అంటుతుందిరా సన్నాసీ?”

“అయితే ఒక్కసారి చప్పట్లు కొడతా. అన్నీ లేస్తాయి, తేలిపోతుంది.”

ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. “కొట్టావంటే చేతులు విరగ్గొడతా. నాలుగు రోజుల్లో బయల్దేరతాయి. వారం పాటు ఎక్కడా వాలకుండా సముద్రం దాటాలి. పడుకోనీ వాటిని.”

“మిమ్మల్ని చూసి మళ్లీ నవ్వుతారు.”

“నవ్వనీ. అలవాటేగా.”

కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, ఆవిడ వేయించి తెచ్చిన రొట్టె రెండూ అయిపోయాయి. రెండు గంటలకు నీళ్లు వెనక్కి పోసాగాయి. ఆంటీ కళ్లు మూసుకుని ఒత్తుకుంటోంది. అప్పుడే మధ్య వరసలో ఒకటి ఒళ్లు విరుచుకుని రెండు రెక్కలూ పైకెత్తింది. లోపలంతా నలుపు.

“ఎత్తింది ఆంటీ. మీరు చెప్పినట్టే, నలుపే.”

ఆవిడ టెలిస్కోపులోకి వంగేసరికి అది రెక్కలు ముడిచేసింది. “నాకిప్పుడంతా మసకేరా. నువ్వు చూశావుగా?”

“చూశాను.”

“చాలు.”

కాగితం మీద చూసిన మనిషిగా ఆవిడ పేరు, సాక్షిగా నా పేరు రాశాను. మోకాళ్ల దాకా బురదలో, నా భుజం పట్టుకుని ఆంటీ వెనక్కి నడిచింది. ఆ రోజు నన్ను ఆపినందుకు ఇప్పటికీ ఆవిడకు మనసులో దండం పెట్టుకుంటాను. ఒడ్డుకు చేరాక ఇక దాచలేకపోయాను.

“ఆంటీ, ఆ బురదకాళ్ల పేరు పెట్టింది నేనే.”

“పన్నెండేళ్ల నుంచీ తెలుసురా,” అంటూ టెలిస్కోపు నా చేతుల్లో పెట్టింది. “నీ దగ్గరే ఉంచుకో.”