ఎవరూ నేర్పని అల్లిక

మా వీధిలో అందరూ ఆమెను ఊలక్క అనేవాళ్ళు. స్వెట్టర్ల మిల్లులో పదకొండేళ్ళు మిషను మీద పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇంటి ముందుగదిలో అల్లికలు నేర్పడం మొదలుపెట్టింది. భర్త బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మోతలో ఉంటాడు కాబట్టో ఏమో, ఇంట్లో ఆయనకు మాట పొదుపు. మేడ మీద మరిది, తోడికోడలు ఉండేవాళ్ళు.

శనివారం మధ్యాహ్నాలు మేం ఏడుగురం అమ్మాయిలం వెళ్ళేవాళ్ళం. అందరికీ పద్నాలుగు, పదిహేనేళ్ళు. మొదట్లో అమ్మలు తరిమితే మూతులు ముడుచుకునే వెళ్ళాం. అల్లిక అంటే అమ్మమ్మల పని అని మా అభిప్రాయం. ఊలక్క మాకు పసిపిల్లల మేజోళ్ళతో మొదలుపెట్టలేదు. షాపుల అద్దాల ముందు మీరు ఆగి చూసేదేమిటో చెప్పండి అంది. నడుము దాకా వచ్చే పొట్టి స్వెట్టరు, దానికి గంటల్లా వేలాడే చేతులు. వేళ్ళు బయటికి కనిపించే గ్లవ్సు. ఫోను వేసుకుని మెడలో తగిలించుకునే సంచి. మేం చెప్పడమే ఆలస్యం, తరవాతి శనివారానికల్లా ఒక నమూనా అల్లి పెట్టేది.

వాటికి పేర్లు కూడా తనే పెట్టేది. చెవులు కిందికి వాలిన టోపీ "అలిగిన పిల్లి". నేను లెక్కల్లో తప్పిన వారం అల్లిన మఫ్లరులో ఒక చార వెడల్పుగా, ఒక చార సన్నగా వచ్చింది. ఏడుస్తూ విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపి, అదే బాగుందని, ఇంకా నాలుగు వంకర చారలు చేర్పించి "పరీక్ష తప్పిన మఫ్లరు" అని పేరు పెట్టింది. ఆ చలికాలం మా స్కూల్లో ఫస్టు వచ్చిన పిల్ల కూడా పరీక్ష తప్పిన మఫ్లరు వేసుకునే తిరిగింది.

ఇవన్నీ ఒక గళ్ళ రిజిస్టరులో ఉండేవి. గడికొక కుట్టు, రంగు పెన్సిళ్ళతో. పక్కన ఊలక్క కోడిగీతలు. తోడికోడలిది మాత్రం ముత్యాల్లాంటి దస్తూరి. ఒకరోజు ఆవిడ మేడ దిగి వచ్చి, పిల్లలకు పంచడానికి సాపు రాసి పెడతానని రిజిస్టరు అడిగింది. ఊలక్క వెంటనే ఇచ్చేసింది. ఇవ్వక ఏం చేస్తుంది? పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ అమ్మాయికి సూది ఎటు పట్టుకోవాలో తెలియదట. ఊలక్క వెనక కూర్చుని, తన చేతులు ఆమె చేతుల మీద వేసి నెల రోజులు అల్లించిందట. మాకీ సంగతి చెప్పింది తోడికోడలే. అక్క లేకపోతే నేనింకా ఊలు ఉండతో బంతాట ఆడుకునేదాన్ని అని నవ్వింది కూడా.

రిజిస్టరు నెలకి తిరిగి వచ్చింది. సాపు ప్రతి రాలేదు. అడిగితే, ఇంకా అవుతోందంది.

ఎనిమిది నెలల తరవాత పుస్తకాల షాపులో నాకు "టీనేజ్ అమ్మాయిల ఫ్యాషన్ అల్లికలు" కనిపించింది. అట్ట మీద అలిగిన పిల్లి టోపీ. దాని కింద నవ్వుతున్న తోడికోడలు. గొప్ప వార్త మోసుకెళ్తున్నానన్న సంబరంతో కొని, పరుగున ఊలక్క దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడకు చెప్పే ఉంటారనుకున్నాను.

ఊలక్క నిలబడే పేజీలు తిప్పింది. ఒక్కటీ తప్పిపోలేదు, గడి గడీ అచ్చయింది. నా మఫ్లరు పేరు మాత్రం "ఆధునిక చారల మఫ్లరు" అయింది. ముందుమాట అక్షరాలు చిన్నవని నన్ను చదవమంది. చదివాను. "నాకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. ఒంటరిగా, పట్టుదలతో నేర్చుకున్నాను" అని ఉంది.

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాను. ఊలక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

అంతలోనే తోడికోడలు తడిబట్టల బకెట్టుతో మెట్లు దిగింది. పుస్తకం చూసి ఆగిపోయింది. నేను వెళ్ళిపోదామనుకున్నాను కానీ గుమ్మంలో ఆవిడే ఉంది.

"నువ్వు అచ్చు వేయించేదానివా అక్కా? ఎన్నిసార్లు అడిగినా వద్దనేదానివి. ఆ రిజిస్టరు చెదలకు పోయేది," అంది తోడికోడలు.

"బొమ్మలు తీసుకున్నావు, సరే. మళ్ళీ వేసుకుంటాను. ఎవరూ నేర్పలేదని ఎందుకు రాశావు?"

"అచ్చు వేసేవాళ్ళు అలా రాస్తే బాగుంటుందన్నారు."

"అన్నది వాళ్ళు. రాసింది నువ్వు."

తోడికోడలు బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, బట్టలు ఆరేయాలని వెళ్ళిపోయింది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్తకు ఊలక్క అంతా చెప్పిందట. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, "దీని మీద ఉన్నది మన ఇంటిపేరే కదా, రచ్చకెక్కడం ఎందుకు" అన్నాడట. తోడికోడలు రాసిన అబద్ధం కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుందని చాలా కాలం తరవాత నాతో అంది.

కొన్నాళ్ళకు తోడికోడలు పెద్ద హాలులో క్లాసులు మొదలుపెట్టింది. గోడలనిండా అద్దాలు, అల్లినవి వేసుకుని ఫొటోలు దిగడానికి ఒక మూల. మా ఏడుగురిలో నలుగురం అటు వెళ్ళాం. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. దాచడం ఎందుకు? అద్దాలు బాగున్నాయి.

మూడో వారం నా పొట్టి స్వెట్టరు చంక దగ్గర ముడతలు పడింది. పుస్తకంలో "తగినన్ని కుట్లు తగ్గించండి" అని ఉంది. ఎన్ని తగ్గించాలో తోడికోడలికీ తెలియలేదు. అసలు రిజిస్టరులో అక్కడ అంకె లేదు. ఊలక్క ప్రతి పిల్ల భుజమూ జానతో కొలిచి అప్పటికప్పుడు చెప్పేది. సగం స్వెట్టరు సంచిలో పెట్టుకుని ఊలక్క ఇంటికి వెళ్ళాను. భుజం కొలిచింది, పన్నెండు వరుసలు విప్పింది, కుట్లు మళ్ళీ సూదికెక్కించి ఇచ్చింది. నేను అక్కడికి వెళ్తున్నానని ఆవిడకు తెలుసు.

"వెళ్ళినందుకు కోపం లేదు. వెళ్తున్నానని ఒక మాట చెప్పాల్సింది," అంది.

తిడితే తేలికపడేదాన్ని.

మళ్ళీ శనివారాలు ముందుగదికే వెళ్ళాను. అప్పటికి అక్కడ ముగ్గురే మిగిలారు, నాతో నలుగురం. ఊలక్క నేర్పడం మానలేదు కానీ కాగితం మీద గీయడం మానేసింది. నేను రాసిపెడతానంటే తల అడ్డంగా ఊపింది. పుస్తకం రెండోసారి అచ్చయింది. ఈసారి చివరి పేజీలో "సహకరించిన మా తోడికోడలికి కృతజ్ఞతలు" అని చేర్చారు. ముందుమాటలో ఆ రెండు వాక్యాలూ అలాగే ఉన్నాయి.

మరుసటి ఏడు మేడమీదివాళ్ళు సొంత ఫ్లాటుకు మారారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. బీరువా దింపుతుంటే మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఊలక్కే ఇంట్లోంచి పాత దుప్పటి తెచ్చి, గోడకు గీసుకోకుండా అడ్డం పట్టుకుని దింపించింది. సామానంతా బండెక్కాక తోడికోడలు గుమ్మం దగ్గరికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. అవి ఉత్తుత్తి నీళ్ళని నేను అనలేను.

"వెళ్ళొస్తాను అక్కా," అంది.

ఎవరు బయల్దేరినా, పాలవాడైనా సరే, "వెళ్ళి రా" అని సాగనంపే మనిషి ఊలక్క. దుప్పటి మడతపెట్టడం పూర్తి చేసి తలెత్తింది.

"మంచిది, వెళ్ళు," అంది.